మొద్దు మీద చెప్పిన సాక్ష్యం

ఫిబ్రవరి 4

అక్కా,

నీ నలుగురు కూతుళ్లూ నిన్న మధ్యాహ్నం దిగారు. వ్యాను డ్రైవరు బుట్టలు రెండూ గుమ్మంలో పెట్టి, "దారి పొడవునా నా చెవులు చిల్లులు పడ్డాయండీ, ఇక మీ వంతు" అని పారిపోయినంత పని చేశాడు. కోళ్ల గూడు ఇంటి వెనక తోటలో, నీళ్ల తొట్టి పక్కన పెట్టించాను. గయ్యాళి అప్పుడే పెత్తనం మొదలెట్టింది. సోమరి మూల చూసుకుని పడుకుంది. మూగది ఒక్క కూత కుయ్యలేదు. చుక్కమ్మ మాత్రం వచ్చిన దగ్గర్నుంచీ తలుపు గడియనే చూస్తోంది.

నువ్వు బుట్టకి పిన్నుతో గుచ్చిన కాగితం చదివాను. "పది రోజులు గూడు తలుపు తియ్యకు" అని మూడు చోట్ల రాసి, కింద గీతలు కూడా గీశావు. ముప్పై నాలుగేళ్లు ఊరి జనానికి కళ్లద్దాలు పెట్టినవాడిని, నాకు చదవడం వచ్చక్కా.

కొట్టు మూసేసి నాలుగు నెలలైంది. నీ మరదలు పోయాక ఇల్లు ఖాళీ అనుకునేవాణ్ణి. కొట్టు కూడా పోయాక తెలిసింది, అసలు ఖాళీ అంటే ఏంటో. అందుకే పంపావని తెలుసు. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. కానీ అవి జాలీలోంచి నన్ను అలా చూస్తుంటే, కొట్టు బల్ల మీద కూర్చుని వంతు కోసం చూసే జనంలా ఉన్నాయి. ఏదో ఒకటి చేసి పంపించేయాలనిపిస్తోంది.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 8

ఒరేయ్ తమ్ముడూ,

ఏదో ఒకటి చెయ్యకు. అదే వద్దంది.

ఇక్కడ హాస్టల్లో ఎనభై మంది ఆడపిల్లలకి ఒకేసారి జలుబు. రాత్రి తుమ్ములు, పగలు నా కేకలు. ఆ గోలలో కూర్చుని రాస్తున్నాను, కాబట్టి బుద్ధిగా చదువు. కొత్త చోటికి వచ్చిన కోడికి ఇల్లంటే ఏదో తెలీదు. పది రోజులు అక్కడే తిని, అక్కడే పడుకుంటే అప్పుడు అది తన గూడని గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత తోటంతా వదిలేసినా సాయంత్రానికి తనే వచ్చి ఎక్కుతుంది. ముందే వదిలావో, ఏ దిక్కుకి పోతే ఆ దిక్కే. తొమ్మిది కాదు, పది.

నీ సంగతి నాకు తెలీదా? రేడియో కొన్న రోజే విప్పి, నాన్న అడిగితే పిల్లి విప్పిందన్నావు.

ఇంకో మాట. అమ్మ పెంచిన పెట్టల సంతతిలో చుక్కలు వచ్చింది చుక్కమ్మ ఒక్కదానికే. నా దగ్గర ఉంచుకోవాలనే ఉంది. కానీ నాకు ఎనభై మంది ఉన్నారు, నీకు ఎవరూ లేరు. అందుకే పంపాను. ఇదిగో, చెప్పేశాను.

గోడవతల నా స్నేహితురాలిని అడిగానని చెప్పు. టైపు నేర్పీ నేర్పీ ఆవిడ వేళ్లు నొప్పులంటోంది, వేడినీళ్లలో పెట్టుకోమను.

అక్క

ఫిబ్రవరి 15

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలీక రెండు కాగితాలు చించాను.

పది రోజులూ అక్షరాలా నువ్వు చెప్పినట్టే చేశాను. మొన్న పదమూడున తలుపు తీశాను. నాలుగూ బయటికొచ్చి తోటంతా తిరిగాయి. సాయంత్రం మూడే ఎక్కాయి. చుక్కమ్మ రాలేదు. నిన్నంతా వెతికాను. టమాటా మొక్కల్లో, కట్టెల వెనక, డాబా మీద, అన్నిచోట్లా చూశాను. లేదు.

ఎవరి మీదా నింద వెయ్యడం నాకిష్టం లేదు. కానీ గోడవతల టైపు టీచరు గారి కుక్క ఉంది కదా, ఆ మొద్దు, అది ఈమధ్య గోడ దగ్గరే తచ్చాడుతోంది. అంతకంటే నేనేం చెప్పలేను.

మిగతా మూడూ బాగున్నాయి. నువ్వు బాధపడకు. తప్పు నాదే అనుకో.

తమ్ముడు

ఫిబ్రవరి 19

తమ్ముడూ,

తప్పు నీదెలా అవుతుందిరా? పది రోజులు ఆగావు. నువ్వు! వేడి పాలు చల్లారేదాకా ఆగలేని నువ్వు! నీ ఉత్తరం చదివి ఏడ్చాను. సగం చుక్కమ్మ కోసం, సగం నువ్వు మొదటిసారి నా మాట విన్నందుకు.

కుక్క పని అని నువ్వు నాన్చి నాన్చి రాసినా నాకు అర్థమైంది. నోట కరుచుకుపోతుంటే చూసే ఉంటావు, నేను మనసు కష్టపెట్టుకుంటానని దాచావు. చిన్నప్పట్నుంచీ అంతే నువ్వు. నేను అలా దాచుకునేదాన్ని కాదు. ఈ ఉత్తరంతో పాటే ఆవిడకీ ఒకటి రాసి పోస్టు చేశాను. మా తమ్ముడు కళ్లారా చూశాడని రాశాను. కాస్త ఘాటుగానే రాశాను. స్నేహం స్నేహమే, కోడి కోడే.

పిల్లలకి జలుబు తగ్గింది. ఇప్పుడు నాకు పట్టుకుంది.

అక్క

ఫిబ్రవరి 23

అక్కా,

ఎంత పని చేశావు! ఒక్క మాట అడిగి రాయకూడదా?

నీ ఉత్తరం ఆవిడకి నిన్న అందింది. ఇవాళ పొద్దున్నే గోడ దగ్గరికొచ్చి నిలబడింది. ఉత్తరం చేతిలోనే ఉంది. "మా మొద్దు తొమ్మిదేళ్లలో ఈగని కూడా పట్టలేదండీ. మీరు నిజంగా చూశారా?" అని అడిగింది. కోపంగా కాదు. అప్పుడే నిద్ర లేచిన మనిషిలా అడిగింది.

చూశాననే చెప్పాను.

వచ్చే ఆదివారం ఆ కుక్కని ఊరి చివర వాళ్ల మరిది కలప డిపోకి పంపించేస్తోందట, కాపలాకి. అంత పని వద్దని చెప్పాను. వినలేదు. ఇక నువ్వు ఆవిడకి ఏమీ రాయకు. నాక్కూడా ఈ విషయం రాయకు. అయిపోయింది.

తమ్ముడు

మార్చి 1

తమ్ముడూ,

రాయకు అంటే రాయకుండా ఉంటానా?

ఆవిడ నాకు జవాబు రాసింది. పోట్లాడుతుందేమోనని కొంగు బిగించుకుని కూర్చున్నాను. లేదు. నాలుగే వాక్యాలు, టైపు కొట్టి, కింద సంతకం. "మీ తమ్ముడు గారు చూశానంటే చూసినట్టే. నాకీ కళ్లద్దాలు పెట్టింది ఆయనే. ఆయన చూపునే అనుమానిస్తే ఇక నేను దేన్ని నమ్మాలి? మొద్దుని పంపించేస్తున్నాను." అంతే.

చదివాక ఎందుకో అన్నం సహించలేదు. గెలిచాను కదా, సంతోషంగా ఉండాలి కదా. అయినా చేసిన పనికి శిక్ష తప్పదు, కుక్కయినా మనిషయినా. హాస్టల్లో రోజూ నేను చెప్పే మాట అదే.

నువ్వు తిండి మానేశావేమో అని నా అనుమానం. మానకు.

అక్క

మార్చి 6

అక్కకి,

తింటున్నాను. మూడు కోళ్లూ క్షేమం. రోజూ తోటలో తిరుగుతున్నాయి. గయ్యాళి నా వంగ మొక్కలన్నీ పీకి పారేసింది. పోనీలే.

నిన్న టీచరు గారు గేటు తీసుకుని వచ్చింది. చేతిలో బుట్ట. బుట్టలో ఒక పెట్ట, తెలుపు మీద నల్ల చుక్కలు. మూడు ఊళ్లు వెతికించిందట, అచ్చం అలాంటిదే కావాలని. "మీ అక్కగారి పెట్ట విలువ దీనికి రాదు. కానీ గూట్లో చోటు ఖాళీగా ఉంటే నాకు మీ తోట వైపు చూడబుద్ధి కావట్లేదు" అంది. తీసుకున్నాను. తీసుకోకుండా ఎలా ఉంటాను చెప్పు. వీధిలో పన్నెండిళ్లకీ వెళ్లి, మా కుక్క వల్ల మీకేమైనా నష్టం జరిగితే మన్నించండి అని చెప్పొచ్చిందట కూడా.

ఈ కొత్తదాన్ని పది రోజులు గూట్లోనే ఉంచుతాను.

ఇంకేం విశేషాలు లేవు. పొద్దున్న లేవడం, వెనక రెండో సందులో ఇస్త్రీ ఆవిడ దగ్గరికి వెళ్లి రావడం. రోజూ ఒక చొక్కా ఇస్తున్నాను. మొన్న దుప్పటి ఇచ్చాను. ఇవాళ దిండు గలీబు.

తమ్ముడు

మార్చి 10

ఒరేయ్ దొంగా,

దిండు గలీబుకి ఇస్త్రీయా? పెళ్లినాడు కూడా నలిగిన చొక్కాతో కూర్చున్న వెధవవి నువ్వు! రోజూ వెళ్తున్నావా? రోజూ?

నాకేం దాచక్కర్లేదు. నీకు యాభై ఎనిమిదేళ్లు, చిన్నపిల్లాడివి కాదు. నా మరదలు బంగారం లాంటిది, నిజమే. అలాగని నువ్వు జీవితాంతం కోళ్లతో మాట్లాడుకుంటూ కూర్చోవాలని ఆవిడ కూడా కోరుకోదు. ఆ ఇస్త్రీ ఆవిడ ఎలాంటి మనిషి? పిల్లలున్నారా? నవ్వుతూ మాట్లాడుతుందా? ఈ కోడి గొడవలో నువ్వు దిగులు పడిపోయావని బెంగపెట్టుకున్నాను. తీరా చూస్తే ఇదా సంగతి!

నాకు చెప్పడానికి సిగ్గేంటిరా? నీకు జలుబు చేసినా ముందు నాకే తెలిసేది. నిజం చెప్పు, నీ పక్కన నిలబడతాను. ఎవరేమనుకున్నా సరే.

ఈ సంతోషంలో పిల్లలకి ఇవాళ గంట ముందే ఆట వదిలేశాను.

మీ అక్క

మార్చి 14

అక్కా,

నీ ఉత్తరం చదివి తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. నా పక్కన నిలబడతానన్నావు. నిలబడకు. ముందు చదువు.

ఇస్త్రీ ఆవిడ దగ్గరికి నేను వెళ్లేది చుక్కమ్మని చూడటానికి.

అవును. బతికే ఉంది. నిక్షేపంలా ఉంది. ఆవిడ షెడ్డులో బొగ్గుల బస్తా మీద పడుకుంటుంది.

నేను తలుపు తీసింది పదో రోజున కాదు, మూడో రోజున. ఆ పొద్దున టీచరు గారు గోడ మీంచి, "ఏవండీ, కోళ్లని పెంచుతున్నారా, ఖైదు చేశారా?" అని నవ్వింది. నాకు రోషం వచ్చింది. పిలిస్తే నా వెనకే వస్తాయని, సాయంత్రం ఆవిడ వచ్చేసరికి చూపించాలని అనిపించింది. ఆవిడ టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లగానే గడియ తీసేశాను.

ఓ అరగంట, అక్కా, ఎంత బాగుందో చెప్పలేను. నాలుగూ ఎండలోకి వచ్చి రెక్కలు విదిలించాయి. సోమరి కూడా పరుగెత్తింది. మట్టిలో గుంట చేసుకుని పొర్లాయి. చుక్కమ్మ నా చెప్పు మీదికెక్కి నిలబడింది. ఇన్ని నెలల తర్వాత నా ఇంట్లో ఏదో కదులుతోందనిపించింది. కుర్చీ వేసుకుని, పేపరు మొహం మీద కప్పుకుని నిద్రపోయాను. లేచి చూస్తే మూడే. వీధి గేటు ఓరగా తీసి ఉంది. పాలకి వెళ్లొచ్చి నేనే సరిగ్గా వెయ్యలేదు.

అప్పుడే వెతకడానికి బయటికి పరుగెత్తాను. మొద్దు వాళ్ల అరుగు మీద వెల్లకిలా పడి నిద్రపోతోంది. అది నేను చూసింది. చూశానంటే అదే చూశాను.

ఆ రోజే నీకు రాసి ఉంటే సరిపోయేది. కానీ మూడో రోజు అని ఎలా రాయను? అందుకని ఎవరికీ చెప్పకుండా తేలు కుట్టిన దొంగలా ఆగాను. నీ పది రోజులూ అయ్యేదాకా ఆగి, అప్పుడు తప్పిపోయిందని రాశాను. కుక్క తచ్చాడుతోందని రాశాను. నువ్వు దాన్ని నేను కళ్లారా చూసినట్టు చేసేశావు. నేను కాదనలేదు. ఆవిడ గోడ దగ్గర అడిగినప్పుడు, కాదంటే నిన్ను అబద్ధాలకోరుని చేసినట్టవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. నన్ను నేను కాపాడుకున్నాను.

ఇంకా ఉంది. చుక్కమ్మ కనపడింది శనివారం. మొద్దుని పంపింది ఆదివారం. మధ్యలో ఒక పూర్తి రాత్రి ఉంది నాకు. ఇస్త్రీ ఆవిడ, "ఎవరిదో పెట్ట, దానంతటదే వచ్చింది, ఎవరైనా అడిగితే ఇచ్చేస్తానండీ" అంది. "బాగుంది పెట్ట" అన్నాను. అని నా చేతిలో రుమాలు ఇస్త్రీకి ఇచ్చి వచ్చాను. మర్నాడు డిపో లారీ వచ్చినప్పుడు కిటికీ వెనక నిలబడి చూశాను. మొద్దు ఎక్కనంది. టీచరే ఎత్తి ఎక్కించింది.

ఇప్పుడు చెప్పు, ఏం చెయ్యమంటావో.

తమ్ముడు

మార్చి 18

నీకు,

ఎనభై మంది ఆడపిల్లల్ని చూస్తున్నాను. కిటికీ అద్దం పగలగొట్టినా సాయంత్రానికి వచ్చి చెప్తారు. పద్నాలుగేళ్ల వాళ్లు.

నీ సంగతి సరే. నా సంగతి విను. ఆవిడకి రాసిన ఉత్తరంలో ఏం రాశానో నీకు చెప్పలేదు. "కుక్కని పెంచడమే చేతకాలేదు, నీకు పిల్లలెందుకు లేరో ఇప్పుడు తెలిసింది" అని రాశాను. నలభై ఏళ్లుగా నా స్నేహితురాలైన మనిషికి. ఆవిడ ఎన్ని ఆసుపత్రుల చుట్టూ తిరిగిందో దగ్గరుండి చూసినదాన్ని. కోపంలో రాశాను, నీ మాట నమ్మి రాశాను. కానీ చెయ్యి నాదే.

దానికి ఆవిడ ఇచ్చిన జవాబు నీ చూపు మంచిదని.

ఈ ఉత్తరం అందగానే వెళ్లు. చొక్కా మార్చుకోకు, నీళ్లు తాగకు, వెళ్లు. చెప్పిన తర్వాతే నాకు రాయి. అప్పటిదాకా రాయకు.

మార్చి 27

అక్కా,

చెప్పాను.

నీ ఉత్తరం అందింది ఇరవై రెండున. నేరుగా ఇన్‌స్టిట్యూట్‌కే వెళ్లాను. ఇంటి దగ్గరైతే మళ్లీ గోడ పట్టుకుని నాన్చేస్తానని భయం. ఆవిడ మిషన్లో కాగితం ఎక్కిస్తోంది. నిలబడే మొత్తం చెప్పాను, మూడో రోజు దగ్గర్నుంచి దిండు గలీబు దాకా. టకటకలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆరుగురు విద్యార్థులు విన్నారు. ఆవిడ కళ్లద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తిడుతుందని చూశాను. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

"నేను పన్నెండిళ్లకి వెళ్లాను కదా" అంది చివరికి. "మీరూ వెళ్లి రండి. నాకు చెప్పినట్టే చెప్పండి, ఏదీ తగ్గించకుండా."

వెళ్లాను. పన్నెండిళ్లలో తొమ్మిదింట్లో నేను చేసిన కళ్లద్దాలే. తలుపు తియ్యగానే అవే నన్ను చూసేవి. కొందరు, "ఓస్, కోడి కోసం ఇంత హడావిడా?" అని నవ్వారు. ఆ నవ్వు ఇంకా కష్టంగా ఉంది, ఎందుకంటే నవ్వుకి సంతోషపడ్డాను. చివరింటి ముసలాయన మాత్రం నవ్వలేదు. అంతా విని, కళ్లద్దాలు తీసి చేతిలో తిప్పుతూ, "మరి నా పవరైనా సరిగ్గా చూశావా నాయనా?" అన్నాడు. సరిగ్గానే చూశానండీ అన్నాను. "ఏమో మరి" అని తలుపేసుకున్నాడు. పనిలో ముప్పై నాలుగేళ్లు ఎప్పుడూ మోసం చెయ్యలేదక్కా నేను. అది ఇప్పుడు ఎవరికి చెప్పుకోను?

ఇస్త్రీ ఆవిడకీ చెప్పాను. కడుపుబ్బ నవ్వింది. "అన్ని బట్టలిచ్చే బదులు ఒక్క మాట అడగొచ్చుగా బాబూ!" అని చుక్కమ్మని చేతిలో పెట్టింది. ఒంటినిండా బొగ్గు మసి. ఇప్పుడు గూట్లో ఉంది. పది రోజులు ఉంటుంది. నువ్వు ఊహించుకున్నదేదీ లేదు. ఆవిడకి మొగుడున్నాడు, నాకంటే బలంగా ఉన్నాడు.

నీ ఉత్తరం సంగతి కూడా టీచరు గారితో అన్నాను, అక్క చాలా బాధపడుతోందని. "ఉత్తరం రాయొద్దనండి. వచ్చి నా ఎదురుగా కూర్చోమనండి" అంది. రా అక్కా. సెలవు పెట్టి రా.

నిన్న ఆదివారం ఆవిడ, నేను బస్సులో కలప డిపోకి వెళ్లాం. మొద్దు గేటు పక్క దుంగకి కట్టేసి ఉంది. మెడ చుట్టూ తాడు ఒరుసుకుని బొచ్చు ఊడిపోయింది. లారీలు వచ్చినప్పుడు అరవట్లేదని అక్కడి పనివాళ్లు కర్రతో నేర్పించారట. ఆ మాట వాళ్లే చెప్పారు, మామూలుగా. టీచర్ని చూడగానే అది కూర్చున్న చోటే ఒణికింది, తర్వాత పాకుతూ వచ్చి ఆవిడ చీరలో మొహం పెట్టుకుంది.

తాడు నేను విప్పాను. విప్పి, తల నిమురుదామని చెయ్యెత్తాను. ఇదివరకు నేను చెయ్యెత్తితే బిస్కెట్టు అనుకుని గోడెత్తు ఎగిరేది అది. ఇప్పుడు కళ్లు గట్టిగా మూసుకుని నేలకి అణిగిపోయింది. దెబ్బ పడుతుందని ఎదురుచూసింది. ఎంతసేపటికీ పడకపోయినా కళ్లు తెరవలేదు. ఇది నా కళ్లతో నేను చూశానక్కా.

ఇవాళ పొద్దున్న వాళ్ల గేటు బయట కూర్చున్నాను, చేతులు ఒళ్లో పెట్టుకుని. అరుగు చివరిదాకా వచ్చి, నన్ను చూసి, లోపలికెళ్లిపోయింది. రేపు మళ్లీ కూర్చుంటాను.

తమ్ముడు